కపాల నాడుల గడ్డలు: ఏ అనుమానానికి ఏ స్కాన్

మెదడు నుంచి నేరుగా బయల్దేరే నాడులు 12 జతలు. వాసన, చూపు, కనుగుడ్ల కదలిక, ముఖం మీద స్పర్శ, ముఖ కవళికలు, వినికిడి, ఒంటి నిలకడ, మింగడం, గొంతు, మెడ తిప్పడం, నాలుక కదలిక ఇవన్నీ వాటి పనులే. వీటి మీద వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్లు కావు. చాలావరకు ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. చిక్కంతా అవి ఉండే చోటుతోనే. కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న ఎముక దారిలో పక్కపక్కనే రెండు మూడు నాడులు, వాటితోపాటు రక్తనాళాలు సాగుతుంటాయి. శెనగగింజంత గడ్డ అక్కడ మొలిచినా ఒక చెవి వినికిడో, ముఖంలో ఒక పక్క కదలికో దెబ్బతింటుంది.

ఒంట్లో మరెక్కడైనా గడ్డ కనిపిస్తే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. పుర్రె అడుగున ఆ వీలు అరుదు. నాడిని గాయపరచకుండా అక్కడికి చేరడమే పెద్ద ఆపరేషన్. అందువల్ల ఈ గడ్డల విషయంలో స్కానే దాదాపుగా రోగ నిర్ధారణ. ఆపరేషన్ చేయాలా, రేడియేషన్ ఇవ్వాలా, ఏడాదికోసారి చూసుకుంటూ ఆగాలా అన్న నిర్ణయాలన్నీ ఆ చిత్రం మీదే ఆధారపడతాయి. ఏ స్కాన్ మంచిది అని విడిగా అడిగితే జవాబు ఉండదు. ఏ నాడి మీద, ఏ అనుమానంతో తీస్తున్నారన్నదాన్ని బట్టే జవాబు మారుతుంది. స్కాన్ తీయించుకున్నా గడ్డ దొరక్కుండా పోయే సందర్భాలు చాలావరకు యంత్రం తప్పు వల్ల కాదు, ఆ అనుమానానికి సరిపడని స్కాన్ తీయడం వల్లే వస్తాయి.

నాడుల్లో మొదటి రెండూ, అంటే వాసన నాడి, చూపు నాడి, నిజానికి మెదడుకే కొనసాగింపు. మిగతా పదింటిని శ్వాన్ కణాలు పొరలా చుట్టి ఉంటాయి. ఆ కణాల నుంచి పుట్టే గడ్డ శ్వానోమా. అందుకే శ్వానోమా ఈ పదింటిలోనే వస్తుంది, చూపు నాడి మీద వచ్చే గడ్డల కథ వేరుగా ఉంటుంది. ఈ పదింటిలోనూ అన్నిటికన్నా ఎక్కువగా గడ్డ వచ్చేది వినికిడిని, నిలకడను చూసే ఎనిమిదో నాడికి, అంటే చెవినాడికి. పాత పేరు అకూస్టిక్ న్యూరోమా. గడ్డ పుట్టేది వినికిడి పాయలో కాదు, నిలకడను చూసే వెస్టిబ్యులర్ పాయలో కనుక ఇప్పుడు వెస్టిబ్యులర్ శ్వానోమా అంటున్నారు. మెదడు కాండానికి, చిన్నమెదడుకు మధ్య ఉండే సీపీ యాంగిల్ అనే మూలలో కనిపించే గడ్డల్లో 80 శాతానికి పైగా ఇవే. కాబట్టి స్కాన్ల మధ్య పోలికకు దీన్నే ప్రధాన ఉదాహరణగా తీసుకోవడం సబబు.

ఒక చెవి మాత్రమే మందగించినప్పుడు

వెస్టిబ్యులర్ శ్వానోమా పుట్టింది నిలకడ నాడిలో అయినా, మొదట తెలిసేది వినికిడిలో తేడాగానే. గడ్డ మెల్లగా పెరుగుతుంది కాబట్టి నిలకడలో వచ్చే లోపాన్ని రెండో పక్క చెవి, కళ్లు, మెదడు కలిసి సర్దేస్తాయి. పెద్దగా కళ్లు తిరగవు. పక్కనే నలిగే వినికిడి పాయకు అలాంటి సర్దుబాటు లేదు. ఫోను ఆ చెవికి పెట్టుకుంటే గొంతు వినపడుతుంది గానీ మాట అర్థం కాదు. అదే చెవిలో హోరు మొదలవుతుంది. వయసు వల్ల వచ్చే చెవుడు రెండు చెవుల్లోనూ కాస్త అటూ ఇటూగా సమానంగా వస్తుంది. ఒక్క పక్కకే పరిమితమైన తగ్గుదలను వయసు ఖాతాలో వేయకూడదు.

తొలి పరీక్ష స్కాన్ కాదు, ఆడియోగ్రామ్. రెండు చెవుల మధ్య వరసగా ఉన్న రెండు పౌనఃపున్యాల్లో కనీసం 10 డెసిబెళ్లు, లేదా ఒక పౌనఃపున్యంలో కనీసం 15 డెసిబెళ్లు తేడా ఉంటే ఎమ్మారై తీయవచ్చని 2018లో అమెరికాలోని కాంగ్రెస్ ఆఫ్ న్యూరలాజికల్ సర్జన్స్ మార్గదర్శకాలు సూచించాయి. ఇలా ఎమ్మారైకి వెళ్లినవారిలో గడ్డ బయటపడేది నూటికి కొద్దిమందిలోనే. మిగతావారికి గడ్డ లేదని తేలడమే లాభం.

ఎమ్మారైకి ముందు బెరా పరీక్షతో సరిపెట్టే అలవాటు ఒకప్పుడు ఉండేది. చెవిలో చిన్న టకటక శబ్దాలు వినిపిస్తూ, నాడి గుండా మెదడు కాండానికి సంకేతం ఎంతసేపట్లో చేరుతోందో తల మీద అతికించిన ఎలక్ట్రోడ్లతో కొలిచే పరీక్ష అది. పెద్ద గడ్డలను బాగానే పసిగడుతుంది, సెంటీమీటరు లోపు ఉన్న వాటిలో చాలా వాటిని వదిలేస్తుంది. వినికిడిని కాపాడుకునే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ చిన్న గడ్డల్లోనే. ఎమ్మారై తీయడానికి వీల్లేని వారి విషయంలో బెరాకు ఇప్పటికీ విలువ ఉంది.

ఇక అసలు పోలిక. ఒక చెవి మందగించిన మనిషికి తలకు మామూలు సీటీ తీసి 'నార్మల్' అని రిపోర్టు ఇస్తే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఊరటకు ఆధారం లేదు. చెవినాడి మెదడు కాండం నుంచి లోపలి చెవికి వెళ్లేది ఇంటర్నల్ ఆడిటరీ కెనాల్ (ఐఏసీ) అనే ఎముక సొరంగం గుండా. దాని పొడవు సుమారు ఒక సెంటీమీటరు, వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లు. దాని చుట్టూ ఉండే టెంపొరల్ ఎముక శరీరంలోకెల్లా గట్టి ఎముకల్లో ఒకటి. ఎక్స్‌రే కిరణాలు రెండు పక్కల నుంచీ అంత గట్టి ఎముకలోంచి దూసుకొచ్చేటప్పటికి వాటి మధ్యనున్న మెత్తని భాగం మీద నల్లటి చారలు పడతాయి. గడ్డ దాక్కునే చోటు సరిగ్గా ఆ చారల కిందే. కాంట్రాస్ట్ ఇచ్చి తీసినా సీటీలో నమ్మకంగా కనిపించేవి సెంటీమీటరు, సెంటీమీటరున్నర దాటి సీపీ యాంగిల్‌లోకి పొడుచుకొచ్చిన గడ్డలే. సొరంగంలోనే ఉన్నది తప్పించుకుంటుంది.

ఎమ్మారైలో ఎక్స్‌రే లేదు, ఎముక అడ్డు రాదు. నీటికి ప్రాధాన్యమిచ్చే టీ2 పద్ధతిలో మిల్లీమీటరు కంటే సన్నటి ముక్కలుగా తీసే స్కాన్‌ను ఒక కంపెనీ యంత్రంలో సిస్ అని, మరో కంపెనీ యంత్రంలో ఫియస్టా అని పిలుస్తారు. పేర్లు వేరైనా ఉద్దేశం ఒకటే. ఆ చిత్రంలో మెదడు చుట్టూ ఉండే ద్రవం తెల్లగా మెరుస్తుంది. అందులోంచి మెదడు కాండం నుంచి బయల్దేరిన ఏడో నాడి (ముఖనాడి), ఎనిమిదో నాడి రెండు సన్నటి నల్ల గీతలుగా, ఇంచుమించు సమాంతరంగా సొరంగంలోకి వెళ్తాయి. సొరంగం లోపలికి వెళ్లేకొద్దీ నాలుగు నాడులను విడివిడిగా లెక్కపెట్టవచ్చు: ఏడోది, వినికిడి పాయ, నిలకడకు చెందిన రెండు పాయలు. ఆరోగ్యంగా ఉన్న పక్క ఆ గీతలు చివరిదాకా తెగకుండా సాగుతాయి. గడ్డ ఉన్న పక్క ఒక గీత మధ్యలో ఉబ్బి, చుట్టూ తెల్లగా ఉండాల్సిన ద్రవం చోటును ఆక్రమిస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల గడ్డ సైతం ఇలా బయటపడుతుంది. కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండానే, కొద్ది నిమిషాల్లో అయిపోయే ఈ ఒక్క స్కానుతో 95 శాతానికి పైగా వెస్టిబ్యులర్ శ్వానోమాలు దొరుకుతాయి. అనుమానం తీర్చుకోవడానికి తొలి స్కానుగా ఇది చాలు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి, గర్భిణులకు ఇది పెద్ద వెసులుబాటు.

గడ్డ ఉందని తేలాక, లేదా సందేహం మిగిలాక, గాడోలినియం మందు ఎక్కించి టీ1 పద్ధతిలో మళ్లీ తీస్తారు. శ్వానోమా ఆ మందును బాగా పీల్చుకుని తెల్లగా వెలుగుతుంది. సొరంగంలో సన్నగా, బయట గుండ్రంగా ఉండే దాని ఆకారం కోన్ మీద పెట్టిన ఐస్‌క్రీంను తలపిస్తుందని రేడియాలజిస్టులు అంటారు. గడ్డ పెద్దదైతే లోపల నీటి తిత్తులు ఏర్పడతాయి, మందు అక్కడక్కడ అందదు. నాడి వాపు, సొరంగంలోకి వ్యాపించిన ఇన్‌ఫెక్షన్, అరుదుగా మరో చోటి నుంచి పాకిన క్యాన్సర్ లాంటివి కాంట్రాస్ట్ లేని చిత్రంలో తెలియకపోవచ్చు. కాబట్టి తేలికపాటి స్కాన్ నార్మల్‌గా ఉన్నా లక్షణాలు ముదురుతుంటే కాంట్రాస్ట్ తప్పదు.

గడ్డ పరిమాణాన్ని కూస్ గ్రేడులో చెబుతారు. సొరంగంలోనే ఉంటే ఒకటి, బయటికొచ్చి మెదడు కాండాన్ని తాకకపోతే రెండు, తాకితే మూడు, దాన్ని పక్కకు నెడితే నాలుగు. మరో చిన్న విషయం రిపోర్టులో ఉందో లేదో చూడాలి. సొరంగం చిట్టచివర, గడ్డకు లోపలి చెవికి మధ్య కాస్త ద్రవం మిగిలి ఉందా లేదా అన్నది. ఆపరేషన్ తర్వాత వినికిడి నిలిచే అవకాశాన్ని అంచనా వేయడంలో సర్జన్లు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు.

ఈ స్థాయికి చేరడానికి దశాబ్దాల దారి నడవాల్సి వచ్చింది. 1917లో హార్వే కుషింగ్ చెవినాడి గడ్డల మీద గ్రంథం రాసేనాటికి రోగి నడక, చూపు, ముఖం చూసి ఊహించడమే పద్ధతి. 1919లో వాల్టర్ డాండీ వెన్ను ద్వారా గాలి ఎక్కించి, మెదడు చుట్టూ ఆ గాలి వ్యాపించిన తీరును ఎక్స్‌రే తీశాడు. దానితో వచ్చే తలనొప్పి, వాంతులు రోజుల తరబడి వదిలేవి కావు. 1971 అక్టోబరులో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ సీటీ యంత్రం తొలిసారి ఒక రోగి తలను చూపించింది. 1988లో గాడోలినియం మందు వాడకంలోకి వచ్చాకే సొరంగంలో దాక్కున్న గడ్డను పదునుగా చూడగలగడం సాధ్యమైంది.

ఎముకను చూడాల్సి వచ్చినప్పుడు

సీటీని పనికిరానిదిగా కొట్టేయడం మరో పొరపాటు. మెత్తని కణజాలంలో వెనకబడ్డా, ఎముక అంచులను చూపడంలో సీటీని మించింది లేదు. టెంపొరల్ ఎముకకు అరమిల్లీమీటరు చేరువ మందంతో తీసే హెచ్చార్‌సీటీలో లోపలి చెవి గుల్ల, అర్ధవలయ నాళాలు, ముఖనాడి నడిచే కాలువ పూర్తి పొడవునా కనిపిస్తాయి. చెవి వెనకనుంచి ఎముక తొలిచి గడ్డను చేరుకోవాల్సిన సర్జన్‌కు ఎక్కడ గాలి గదులున్నాయి, మెడ నుంచి పైకొచ్చే పెద్ద సిర ఎంత ఎత్తున ఉంది అన్నవి ముందే తెలియాలి. ఆ చిత్రం ఎమ్మారై ఇవ్వలేదు. చెవినాడి గడ్డకు సీటీ సాధారణంగా కావాల్సింది గడ్డ దొరికిన తర్వాత, ఆపరేషన్ నిర్ణయమయ్యాక.

సీటీ విలువ బాగా తెలిసేది జుగులర్ ఫొరామెన్ దగ్గర. తొమ్మిది, పది, పదకొండో నాడులు పుర్రెలోంచి కిందికి దిగే రంధ్రం అది. గొంతు బొంగురుపోవడం, మింగుతుంటే పొరపోవడం, భుజం బరువెక్కడం, చెవిలో గుండె చప్పుడులా కొట్టుకోవడం ఇక్కడి గడ్డల లక్షణాలు. ఎమ్మారైలో ఇక్కడ ఏదో ఉందని తెలిసినా, అది ఏమిటో ఎముక అంచు చెబుతుంది. శ్వానోమా అయితే రంధ్రం నునుపుగా, గుండ్రంగా సాగి పెద్దదవుతుంది. రక్తనాళాలతో నిండిన పారాగాంగ్లియోమా అయితే అంచులు చెదపురుగు తిన్నట్టు చెదిరిపోతాయి. మెదడు పొర నుంచి పుట్టే మెనింజియోమా అయితే ఎముక గట్టిపడి మందమవుతుంది. ఎమ్మారై వైపు నుంచి చూస్తే పారాగాంగ్లియోమాలో వేగంగా పారే రక్తం నల్లటి చుక్కలుగా కనిపిస్తుంది. రిపోర్టులో 'సాల్ట్ అండ్ పెప్పర్' అని రాసేది దాన్నే. రెండు స్కాన్లనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే నిర్ణయం గట్టిపడుతుంది. మూడింటికీ ఆపరేషన్ తీరు వేరు, రక్తస్రావం ప్రమాదం వేరు కాబట్టి ఈ శ్రమ అవసరమే.

చెవినాడి గడ్డను పోలిన వాటి విషయంలో మాత్రం ఎమ్మారైలోని వేరువేరు పద్ధతులే తేడా తేలుస్తాయి. మెనింజియోమా ఎముకను వెడల్పాటి అడుగుతో ఆనుకుని ఉంటుంది, పక్కనున్న మెదడు పొరలోకి ఒక తోక సాగుతుంది, సొరంగం మధ్యలో కేంద్రీకృతం కాదు. రక్తపు ఆనవాళ్లను చూపే ఎస్‌డబ్ల్యూఐ పద్ధతిలో శ్వానోమాలో సన్నటి నల్ల మచ్చలు తరచుగా కనిపిస్తాయి, మెనింజియోమాలో సాధారణంగా ఉండవు. ఎపిడెర్మాయిడ్ అనే తిత్తి మామూలు చిత్రాల్లో నీటిలానే ఉంటుంది, కాంట్రాస్ట్ పీల్చుకోదు. డిఫ్యూజన్ పద్ధతిలో తీస్తే మాత్రం తళుక్కుమంటుంది. ఈ ఒక్క పద్ధతి స్కానులో చేర్చకపోతే ఎపిడెర్మాయిడ్‌ను మామూలు నీటి తిత్తిగా పొరబడే ప్రమాదం ఉంది.

మిగతా నాడులు

చూపు నాడి గడ్డల్లో పిల్లల్లో కనిపించేది ఎక్కువగా గ్లయోమా. న్యూరోఫైబ్రొమటోసిస్ మొదటి రకం అనే జన్యు జబ్బు ఉన్న పిల్లల్లో దీని మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచుతారు. కంటి గుంటలోని కొవ్వు ఎమ్మారైలో తెల్లగా వెలుగుతుంది కాబట్టి, కొవ్వు వెలుగును అణిచే పద్ధతిలో కాంట్రాస్ట్ ఇచ్చి తీయకపోతే గడ్డ ఆ తెలుపులో కలిసిపోతుంది. నడివయసు స్త్రీలలో ఎక్కువగా వచ్చే నాడి పొర మెనింజియోమాలో మధ్యన నాడి నల్లగా, రెండు పక్కల పొర తెల్లగా రెండు పట్టాల్లా కనిపిస్తుంది. ఇక్కడ కాల్షియం మరకలను సీటీ బాగా పట్టిస్తుంది. పిల్లలకు మాత్రం రేడియేషన్ లేని ఎమ్మారైకే ప్రాధాన్యం ఇవ్వాలి.

ముఖం మీద స్పర్శను చూసే ఐదో నాడి విషయంలో స్కానుకు రెండు ప్రశ్నలు వేయాలి. ముఖంలో కరెంటు షాకులాంటి నొప్పి వచ్చేవారిలో ఎక్కువమందికి కారణం గడ్డ కాదు, నాడిని ఒత్తుకునే రక్తనాళం. కొద్దిమందిలో శ్వానోమానో, ఎపిడెర్మాయిడో, మెనింజియోమానో ఉంటుంది. సిస్ లేదా ఫియస్టా పద్ధతితో పాటు రక్తనాళాలను చూపే పద్ధతి కూడా చేర్చి తీస్తే రెంటికీ ఒకేసారి సమాధానం దొరుకుతుంది. నొప్పికి బదులు తిమ్మిరి ఉంటే, అదీ పెరుగుతూ ఉంటే, గడ్డ అనుమానం బలపడుతుంది. బుగ్గ మీద, నోట్లో, లాలాజల గ్రంథుల్లో ఎప్పుడో ఆపరేషన్ చేసి తీసేసిన క్యాన్సర్ ఈ నాడి వెంట మెల్లగా పాకుతూ పుర్రెలోకి ప్రవేశించవచ్చు. రోగి దాన్ని పళ్ల నొప్పి అనుకుంటాడు. అందుకే పాత క్యాన్సర్ సంగతి స్కాన్ చీటీలో తప్పనిసరిగా రాయాలి. కొవ్వు అణిచి కాంట్రాస్ట్‌తో తీసిన ఎమ్మారై మందమైన నాడిని చూపుతుంది. నాడి వెళ్లే రంధ్రం వెడల్పయిందా అన్నది సీటీ చెబుతుంది. 2021లో కొవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ రోగులు హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి పెద్ద సంఖ్యలో చేరినప్పుడు ఈ తరహా చిత్రాలు వైద్యులకు మరోసారి ఎదురయ్యాయి. ఆ ఫంగస్ కూడా నాడుల వెంట పాకగలదు. చిత్రంలో క్యాన్సర్‌ను పోలి ఉంటుంది. అక్కడ ముక్క తీసి చూసే పరీక్షే తీర్పు చెప్పాలి.

ముఖనాడికి వచ్చే పక్షవాతంలో చాలావరకు బెల్స్ పాల్సీయే. అది ఒక్కసారిగా మొదలై, గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో ముదిరి ఆ తర్వాత వారాల్లో తగ్గుముఖం పడుతుంది. అందరికీ స్కాన్ అవసరం లేదు. వారాల తరబడి మెల్లగా ముదిరినా, మూడు నెలలు దాటినా ఏ కదలికా రాకపోయినా, అదే పక్క మళ్లీ మళ్లీ వచ్చినా, కండరాలు అదిరిపడుతున్నా గడ్డ కోసం వెతకాలి. కాంట్రాస్ట్ ఇచ్చినప్పుడు ముఖనాడిలోని కొన్ని భాగాలు ఆరోగ్యవంతుల్లోనూ వెలుగుతాయి, ఎందుకంటే దాని చుట్టూ సిరల వల ఉంటుంది. బెల్స్ పాల్సీలోనూ నాడి వెలుగుతుంది గానీ తన రూపు కోల్పోదు. ఉబ్బెత్తుగా కనిపిస్తేనే గడ్డ. ఆ ఉబ్బు నాడి కాలువను వెడల్పు చేసిందా అన్నది తేల్చేది మళ్లీ హెచ్చార్‌సీటీయే.

గొంతు బొంగురుపోయినప్పుడు, ముఖ్యంగా ఎడమ స్వరతంత్రి కదలనప్పుడు, తలకు మాత్రమే స్కాన్ తీసి వదిలేయడం సరికాదు. పదో నాడి శాఖ ఒకటి ఎడమ పక్క ఛాతీలోకి దిగి, మహాధమని వంపు చుట్టూ తిరిగి మళ్లీ గొంతుకు ఎక్కుతుంది. ఆ దారిలో ఎక్కడ గడ్డ ఉన్నా గొంతు పోతుంది. పుర్రె అడుగు నుంచి ఛాతీ పైభాగం దాకా చూస్తేనే ఆ స్కాన్ పూర్తయినట్టు. నాలుక ఒక పక్క సన్నబడితే పన్నెండో నాడి కాలువను చూడాలి.

మరి మూడు పద్ధతులు

రక్తనాళాల్లోకి సన్నటి గొట్టం పంపి చిత్రాలు తీసే డీఎస్‌ఏను ఇప్పుడు రోగ నిర్ధారణకు అరుదుగా వాడతారు. పారాగాంగ్లియోమాకు ఆపరేషన్ ముందు, సాధారణంగా ఒకటి రెండు రోజుల ముందు, దానికి రక్తం అందించే నాళాలను మూసేయడానికి ఇది అవసరమవుతుంది. గాలియం డోటాటేట్ పెట్ స్కాన్ పారాగాంగ్లియోమా కణాల మీది గ్రాహకాలను వెతికి పట్టుకుంటుంది. ఇవి కుటుంబాల్లో వంశపారంపర్యంగా రావచ్చు, ఒకరిలో ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉండవచ్చు కాబట్టి మెడ నుంచి పొత్తికడుపు దాకా ఒకేసారి చూసే ఈ స్కాన్‌కు ప్రయోజనం ఉంది. క్యాన్సర్లకు వాడే మామూలు ఎఫ్‌డీజీ పెట్ మాత్రం శ్వానోమా విషయంలో పెద్దగా సాయపడదు. పక్కనే ఉన్న మెదడు ఎఫ్‌డీజీని విపరీతంగా తీసుకుంటుంది, శ్వానోమా కూడా కొంత తీసుకుని క్యాన్సర్ అనే భ్రమ కలిగించవచ్చు. ఇక ట్రాక్టోగ్రఫీ అనే ఎమ్మారై పద్ధతి గడ్డ ముఖనాడిని ఏ వైపుకు నెట్టిందో గీసి చూపిస్తుంది. పెద్ద గడ్డల్లో ఇది ఆశాజనకమే అయినా, ఆపరేషన్ బల్ల మీద నాడిని విద్యుత్ సంకేతాలతో కనిపెట్టుకునే పద్ధతికి బదులు కాదు.

స్కానుకు వెళ్లేముందు, వచ్చాక

స్కాన్ చీటీ మీద 'తలనొప్పి, ఎమ్మారై బ్రెయిన్' అని రాస్తే, స్కానింగ్ సెంటరులో అయిదు మిల్లీమీటర్ల మందం ముక్కలతో మెదడంతా తీసి పంపుతారు. సొరంగం వెడల్పే నాలుగైదు మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల గడ్డ రెండు ముక్కల మధ్య జారిపోవడం సహజం. 'ఎడమ చెవి వినికిడి ఆరు నెలలుగా తగ్గుతోంది, హోరు ఉంది, ఐఏసీ ప్రోటోకాల్ కావాలి' అని రాసి ఉంటే అదే యంత్రం వేరే స్కాన్ తీస్తుంది. చీటీ రాయించుకునేటప్పుడు రోగి ఇంటివాళ్లు ఈ ఒక్క మాట డాక్టరుతో ప్రస్తావించడంలో మొహమాటపడక్కర్లేదు. ఆడియోగ్రామ్ నకలు కూడా సెంటరుకు తీసుకెళ్లాలి. రిపోర్టు వచ్చాక అందులో ఏడు, ఎనిమిదో నాడుల ప్రస్తావన, ఐఏసీ ప్రస్తావన ఉన్నాయా అని చూసుకోవాలి. మెదడులో ఏమీ లేదన్న ఒక్క వాక్యంతో ముగిసిన రిపోర్టు ఈ అనుమానానికి జవాబు కాదు.

ఎమ్మారై గదిలోకి లోహం వెళ్లకూడదు. పిన్నీసులు, మెట్టెలు, పుస్తెలతాడు, గాజులు, మొలతాడుకు కట్టిన తాయెత్తు అన్నీ బయటే తీసేయాలి. కాటుకలో, కంటి అలంకరణలో లోహపు రజను ఉంటే కళ్ల దగ్గర చిత్రం చెడుతుంది. పాత పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్ ఉన్నవారు దాని కార్డు ముందే చూపించాలి. కొత్త వాటిలో చాలా వాటికి షరతులతో ఎమ్మారై తీయవచ్చు. కాక్లియర్ ఇంప్లాంట్ అయస్కాంతం ఎమ్మారైకి అనుకూలమైన రకమే అయినా ఆ పక్క చిత్రాన్ని నల్లగా కమ్మేస్తుంది. వినికిడి యంత్రం తీసేశాక రోగికి టెక్నీషియన్ మాటలు వినపడవు. ఈ పరీక్షకు వచ్చేవారిలో ఎక్కువమంది పరిస్థితి అదే. సైగల గురించి, చేతిలో పెట్టే బల్బు నొక్కడం గురించి ముందే చెప్పించుకుంటే, కదలకుండా పడుకోవడం తేలికవుతుంది. కొద్దిగా కదిలినా మిల్లీమీటరు ముక్కల స్కాన్ వ్యర్థమవుతుంది. మూసిన చోట భయపడేవారికి తేలికపాటి మత్తు ఇస్తారు.

గాడోలినియం ఇచ్చే ముందు క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. మూత్రపిండాల వడపోత నిమిషానికి 30 మిల్లీలీటర్ల కంటే తక్కువగా ఉన్నవారిలో కొందరికి పాత రకం గాడోలినియం మందుల వల్ల చర్మం, కణజాలం గట్టిపడే తీవ్రమైన జబ్బు వచ్చింది. స్థిరంగా ఉండే కొత్త రకాలతో ఆ ప్రమాదం చాలా తక్కువ. మెదడులో గాడోలినియం స్వల్పంగా నిలవ ఉంటోందని 2014లో గమనించాక, యూరప్‌లో పాత రకాల్లో చాలా వాటి వాడకాన్ని ఆపేశారు. ఏటా స్కాన్ అవసరమయ్యేవారికి ఇది ఆలోచించాల్సిన విషయం. కాంట్రాస్ట్ లేని సిస్ స్కానుతోనే పెరుగుదలను గమనించే వీలు చాలామందికి ఉంది. సీటీలో వాడే అయోడిన్ మందుకు అలర్జీ చరిత్ర అడుగుతారు. తలకు ఒక సీటీతో సోకే రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి ఏడాదిలో సోకేది అంతకు చేరువలోనే ఉంటుంది. ఒకసారికి భయపడేది ఏమీ లేదు, ఏటా తీయించుకోవడం మాత్రం అనవసరం.

గడ్డ చిన్నదై, లక్షణాలు తక్కువగా ఉంటే వెంటనే చికిత్స అక్కర్లేకపోవచ్చు. గణనీయమైన భాగం గడ్డలు ఏళ్ల తరబడి పెరగవు. మొదటి స్కాన్ తర్వాత ఆరు నెలలకు ఒకసారి, ఆపైన ఏటా చూసే పద్ధతి వాడుకలో ఉంది. అయిదేళ్లు నిలకడగా ఉంటే వ్యవధి పెంచుతారు. పోల్చేటప్పుడు అదే పద్ధతి చిత్రాలు, అదే కోణం, వీలైతే అదే సెంటరు ఉండాలి. రెండు సెంటర్ల కొలతల్లో ఒక మిల్లీమీటరు తేడా రావడం మామూలే. ఏడాదిలో రెండు మిల్లీమీటర్లు దాటితేనే పెరుగుదలగా లెక్కిస్తారు. కొత్త స్కాన్‌ను కిందటేటి దానితో మాత్రమే పోల్చి 'మార్పు లేదు' అని రాసే రిపోర్టులతో జాగ్రత్తపడాలి. ఏటా ఒక మిల్లీమీటరు పెరిగే గడ్డ ఆ పోలికలో ఎప్పుడూ దొరకదు, మొదటి స్కాన్‌తో పోలిస్తే దొరుకుతుంది. కాబట్టి ఫిల్ముల కన్నా మొదటి స్కాన్ సీడీయే పదిలంగా దాచుకోవలసింది. రెండు పక్కలా చెవినాడి గడ్డలు ఉన్నా, 30 ఏళ్ల లోపు వయసులో ఒక పక్క వచ్చినా, 2022లో ఎన్ఎఫ్2 సంబంధిత శ్వానొమటోసిస్‌గా పేరు మార్చిన జన్యు జబ్బును దృష్టిలో పెట్టుకుని వెన్నుపాము ఎమ్మారై కూడా తీస్తారు.

గామా నైఫ్ లాంటి రేడియేషన్ చికిత్స తర్వాతి స్కాన్లను చదవడానికి విడిగా ఓపిక కావాలి. ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య కొందరిలో గడ్డ ఉబ్బి, మధ్యలో కాంట్రాస్ట్ పీల్చుకోవడం మానేసి నల్లబడుతుంది. పరిమాణం మాత్రమే చూస్తే చికిత్స విఫలమైందనిపిస్తుంది. ఆ ఉబ్బు చాలావరకు తనంతట తానే తగ్గుతుంది. లక్షణాలు ఒక్కసారిగా ముదరకపోతే, మెదడు కాండం మీద ఒత్తిడి పెరగకపోతే, రెండు మూడేళ్ల స్కాన్లు వరుసగా చూసేదాకా రెండో చికిత్సకు తొందరపడరు.